తల్లి తుడిచివేసినది

జగ్గయ్యపేట,
16 డిసెంబరు 1962

తమ్ముడూ కృపారావూ,

క్షేమాలు తర్వాత అడుగుతాను. ముందు నీ కూతురి చెయ్యి సంగతి విను.

పాప పుట్టిన మూడో రోజున మీ ఆఫీసరుగారిని జీపులో వెంటబెట్టుకుని మా ప్రసూతి వార్డుకు వచ్చావు. పచ్చి బాలింత జయమణి చూస్తుండగానే పాప ఎడమ చేతిమీద రెండుచోట్ల మశూచి టీకా వేశావు. అదే గొట్టంలోని మందు వార్డులో ఉన్న మిగతా ఐదుగురు పసివాళ్లకూ వేశావు. టీకాలవాడు సొంత బిడ్డతో మొదలుపెట్టాడని ఆయన నీ భుజం తట్టాడు. నువ్వు పొంగిపోయావు. నువ్వు పొంగావు గాని, నీ కూతురి టీకా పొంగలేదు.

నిన్నటికి ఎనిమిదో రోజు. ఈపాటికి రెండుచోట్లా చీముపొక్కు లేచి, చుట్టూ ఎర్రబారి, పిల్ల ఒళ్లు వెచ్చబడాలి. ఈ వార్డులో నర్సమ్మగా ఇరవై రెండేళ్లు చేసినదాన్ని. పొంగిన టీకా ఎలా ఉంటుందో తమ్ముడి చేత చెప్పించుకోనక్కర్లేదు. నీ కూతురి చెయ్యి కడిగిన కంచంలా ఉంది.

ఎనిమిదో రోజున వచ్చి చూడటం నీ డ్యూటీ. పుట్టింట్లో ఉన్న భార్యను చూడటం దానికి పైమాట. నిన్న సాయంత్రం దాకా జయమణి వీధి గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. పిల్లకు పాలిస్తూ కూడా ఆ చెయ్యికి దుప్పటి తగలనివ్వలేదు, నువ్వొచ్చి చూస్తావని. ఒక్క పూట సెలవు పెట్టి రా. పొంగలేదని రాసుకుని మళ్లీ ఎప్పుడు వేస్తావో చెప్పి వెళ్లు.

పాప బరువు పెరుగుతోంది. ముక్కు మాత్రం నీదే, పాపం.

నీ అక్క,
రత్నమణి


నందిగామ,
24 డిసెంబరు 1962

అక్కకు,

నీ ఉత్తరం చేరింది. రేపు క్రిస్మసుకైనా వద్దామనుకున్నాను, వీలు పడలేదు. మశూచిని దేశంలోనే లేకుండా చెయ్యాలని పైనుంచి ఆర్డర్లు. ఇంటింటికీ తిరగాలి, పుట్టిన బిడ్డ నుంచి ముసలివాళ్ల దాకా ఒక్కరూ మిగలకూడదు. పొద్దున సైకిలెక్కితే దిగేది చీకటి పడ్డాకే.

మొన్న మీటింగులో మా ఆఫీసరు వీరరాఘవయ్యగారు నా పేరు చెప్పి లేచి నిలబడమన్నారు. "మూడో రోజు పసిగుడ్డుకు టీకా వేసి పొంగించాడండీ ఈ కృపారావు. అదీ ఆయన సొంత కూతురు. మీకేం మాయరోగం?" అని మిగతా అందరినీ కడిగేశారు. పాప పేరు జిల్లా జాబితాలోకి వెళ్లింది. కాబట్టి పొంగలేదనే మాట ఇంకెక్కడా అనకు.

నిజంగా పొంగకపోతే కారణం మందు కాదు. అదే గొట్టం మందు తక్కిన పిల్లలకు పొంగిందని విన్నాను. నా చెయ్యీ కాదు. ఇంక మిగిలింది ఒకటే. మేం వెనక్కి తిరగ్గానే ఆడవాళ్లు నిమ్మచెక్కతోనో ఆముదంతోనో మందు తుడిచేస్తారు. నాకిది రోజూ అనుభవమే. పొంగని ప్రతి బిడ్డకూ రిజిస్టరులో ఎదురుగా "తల్లి తుడిచివేసినది" అని రాయమని మాకు ఆర్డరు కూడా ఉంది.

మా అత్తగారు లూర్దమ్మగారి సంగతి నీకు తెలుసు. బాప్తిస్మం తీసుకుని ముప్ఫై ఏళ్లయినా మశూచి అమ్మవారంటే ఆవిడకు లోపల వణుకు పోలేదు. జయమణికి చిన్నప్పుడు అమ్మవారు పోసింది కదా, మళ్లీ ఆగ్రహం వస్తుందని భయపడి ఉంటారు. తల్లీకూతుళ్లను నువ్వే మెల్లగా అడుగు. నేనేమీ అననని చెప్పు.

తమ్ముడు,
కృపారావు


జగ్గయ్యపేట,
2 జనవరి 1963

కృపారావుకు,

అడిగాను. మెల్లగా కాదు, నీ ఉత్తరం ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. ఏమీ అననని చెప్పమన్నావే, అన్నీ అన్నాక ఇంక అనడానికేం మిగిలింది?

లూర్దమ్మగారు ఏడ్చింది. నీ భార్య ఏడవలేదు. ఏమందో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "తుడిచానా, వదినా? నాకు అమ్మోరు పోసినప్పుడు తొమ్మిదేళ్లండి. నేను బతికా. మా తమ్ముళ్లిద్దర్నీ ఒక్క వారంలో మట్టి చేశాం. ఆ మందుచుక్క ఆరేదాకా నేను గట్టిగా ఊపిరి కూడా పీల్చలా. ఆ రోగం ఏంటో నాకు తెలుసు. మీ తమ్ముడికి తెలిసింది రిజిస్టరు."

తర్వాత నేను చేసిన పని చెబుతాను. అదే గొట్టం, అదే పూట, అదే చెయ్యి, ఆరుగురు పసివాళ్లు. ముగ్గురికి పొంగింది, ముగ్గురికి లేదు. ఆ ఆరుగురి ఇళ్లకూ వెళ్లి పిల్లల చేతులు కాదు, తల్లుల ముఖాలు చూశాను. పొంగని ముగ్గురి తల్లులకూ అమ్మవారి మచ్చలున్నాయి. ఒకతె నీ భార్య, ఒకతె సున్నపురాయి క్వారీలో పనిచేసే వలీబీ, ఒకతె వత్సవాయి నుంచి వచ్చిన కూలీ మనిషి. పొంగినవాళ్ల తల్లుల్లో కూడా ఒకామెకు మచ్చలున్నాయి, అది దాచను. మిగతా ఇద్దరి ముఖాలు నున్నగా ఉన్నాయి.

ఇది పట్టుకుని మా డాక్టరమ్మ భారతీదేవిగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నవ్వి, కూర్చోబెట్టి చెప్పింది. మశూచి వచ్చి తగ్గిన మనిషి రక్తంలో దానితో పోరాడే శక్తి నిలిచిపోతుందట. కడుపులో ఉండగానే అది తల్లి నుంచి బిడ్డకు దిగుతుందట. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. టీకా మందు కూడా ఆ రోగం జాతిదే కాబట్టి, తల్లి ఇచ్చిన శక్తి దాన్ని చేతిమీదే చంపేస్తుంది. బిడ్డ ఒంటికి సొంతంగా పోరాటం నేర్చుకునే అవకాశమే దొరకదు. నాలుగైదు నెలల్లో తల్లి ఇచ్చింది కరిగిపోతుంది. అప్పటికి మళ్లీ టీకా వేశామా సరే, లేదా ఆ బిడ్డకు తల్లిదీ ఉండదు, తనదీ ఉండదు.

నీ భార్య నీ మందు తుడవలేదు. తొమ్మిదేళ్ల వయసులో తను పడ్డ నరకంలోంచి నీ కూతురికి కాపలా పంపింది. ఆ కాపలాయే నీ మందును గుమ్మంలో ఆపేసింది. వచ్చి జయమణిని క్షమాపణ అడుగు. రిజిస్టరులో పాప పేరు ఎదురుగా పొంగిందని రాసిన ముక్క కొట్టెయ్యి.

రత్నమణి


నందిగామ,
20 జనవరి 1963

అక్కకు,

నేను జయమణిని అవమానించాలని రాయలేదు. నీకు కోపం వస్తే ఇవతలివాడి మాట వినవు.

నీ నర్సమ్మ శాస్త్రం వీరరాఘవయ్యగారి దగ్గర పేరు చెప్పకుండా కదిపి చూశాను. "ఆరుగురు పిల్లల్ని చూసి సిద్ధాంతం కడతారా? మచ్చలున్న ఆడదే ఎక్కువ భయపడుతుంది, అదే ఎక్కువ తుడుస్తుంది" అన్నారు. ఆ మాటలోనూ అర్థం ఉంది. ఆలోచించు.

పాప విషయంలో దిద్దడం కుదరదు. జాబితా పైకి వెళ్లింది. పొంగిందని నేనే సంతకం పెట్టి, పొంగలేదని నేనే రాస్తే మిగతా పేజీలన్నీ తిరగేస్తారు. అక్కా, ఈ ఉద్యోగం పర్మనెంటు అయి ఎనిమిది నెలలే అయింది.

ఐదో నెల వచ్చాక తల్లీబిడ్డల్ని తీసుకొస్తాను. ఇల్లు వెల్ల వేయించాను.

కృపారావు


జగ్గయ్యపేట,
17 మార్చి 1963

తమ్ముడికి,

రెండు నెలలు నీకు రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పాప కోసం తీసి గట్టున పెడుతున్నాను.

పిల్లలకు మూడు నెలలు నిండాయి. నన్నే సాహెబ్ అని ఇక్కడి టీకాలవాడు ఉన్నాడు, ఆయన్ను బతిమాలి వలీబీ కొడుక్కి మళ్లీ వేయించాను. ఎనిమిదో రోజు చూడటానికి వెళ్తే వలీబీ వాణ్ణి ఎత్తుకుని ఎదురొచ్చింది. "నర్సమ్మా, చూడండి, ద్రాక్షపండంత లేచింది!" అని వీధంతా వినపడేలా అరిచింది. వత్సవాయి కూలీ మనిషి బిడ్డకూ పొంగింది. తుడిచే తల్లులైతే ఇప్పుడు మాత్రం ఎందుకు తుడవలేదో మీ ఆఫీసరుగారిని అడుగు.

ఆ ధైర్యంతో జయమణి పాపను చంకనేసుకుని నన్నే సాహెబ్ దగ్గరికి వెళ్లింది. ఆయన పెద్దమనిషి, అబద్ధమాడడు. రిజిస్టరు నకలు తెరిచి చూపించాడు. "అమ్మా, వలీబీ పిల్లాడికి తల్లి తుడిచివేసినదని ఉంది, అంటే పొంగనట్టే, అందుకే వేశా. మీ పాపకి పొంగిందని మీ ఆయనే రాశాడు. పొంగిన బిడ్డకి మళ్లీ వేస్తే మందు వృథా చేశావని నన్ను నిలబెడతారు. ఆయన్నే కొట్టేయమనండి, ఆ పూటే వేస్తా" అన్నాడు.

ఏం చేశావో ఇప్పటికైనా తెలిసిందా? తల్లి తుడిచిందని రాయించుకున్న బిడ్డకు రెండో టీకా దొరికింది. నువ్వు మేలు చేశాననుకుని పొంగిందని రాసిన నీ సొంత బిడ్డకు దొరకలేదు. ఈ తాలూకా మొత్తంలో టీకా వేయించుకునే హక్కు లేనిది టీకాలవాడి కూతురికే.

జయమణి ఇచ్చిన కాపలా రోజు రోజుకీ తరిగిపోతోంది. ఎండలు ముదురుతున్నాయి, అమ్మవారు తిరిగే రోజులు. నువ్వు వెల్ల వేయించిన ఇల్లు నువ్వే చూసుకో. పుస్తకంలో ఆ రాత కొట్టేసేదాకా నీ భార్య నందిగామ రాదు. ఇది నా మాట కాదు, తన మాట. నేనూ ఒప్పుకున్నాను. నీ పేరు చెబితే తను లేచి వెళ్లిపోతోంది, నేను ఆపడం లేదు.

అక్క


నందిగామ,
21 ఏప్రిల్ 1963

అక్కా,

ఇది ఎవరికీ చూపించకు. కాదు, జయమణికి చూపించు.

వత్సవాయి వైపు ఒక పల్లెలో అమ్మవారు పోసిందని కబురొస్తే మంగళవారం వెళ్లాను. మూడో ఇంట్లో నాలుగు నెలల బిడ్డ, మీ వార్డులో పుట్టింది కాదు. అప్పటికే పోయింది. చాప మీద పడుకోబెట్టి గుడ్డ కప్పారు. రిజిస్టరు తెరిస్తే ఆ బిడ్డ పేరు ఉంది. పుట్టిన నాలుగో రోజున టీకా. ఎదురుగా నా చేతిరాతతో "పొంగినది".

నేను గుడ్డ తీసి ఎడమ చెయ్యి చూశాను. ఒళ్లంతా పొక్కులే. టీకా మచ్చ మాత్రం ఎక్కడా లేదు. తలెత్తి తల్లి ముఖం చూశాను. జయమణికున్నట్టే మచ్చలు. ఆమె నన్ను తిట్టలేదు. "బాబూ, చెయ్యి పొంగలేదు, మళ్లీ వెయ్యమని రెండుసార్లు మీ వెంట పడ్డాగా. పుస్తకంలో ఉంది, అక్కర్లేదన్నారు. మీరే అన్నారు" అంది. నాకు గుర్తొచ్చింది అక్కా. సైకిలు దిగకుండానే అన్నాను.

ఇప్పుడు నీ దగ్గర దాచింది చెబుతున్నాను. పాప చెయ్యి ఎనిమిదో రోజున చూడకుండా రాశానని నువ్వు అనుకుంటున్నావు. ఎనిమిదో రోజున కాదు. వార్డులో టీకా వేసిన ఐదు నిమిషాలకే, జీపులో కూర్చుని, పొంగినదని రాశాను. వీరరాఘవయ్యగారు కలం చేతికిచ్చి, "నీ బిడ్డేగా, పొంగకేం" అన్నారు. ఆ తర్వాత అలవాటైపోయింది. ఊళ్లు ఎక్కువ, రోజులు తక్కువ. దూరమైన పల్లెలకు ఎనిమిదో రోజు వెళ్లలేదు. వెళ్లకుండానే సగంమందికి పొంగినదని రాశాను, తక్కినవాళ్లకు తల్లి తుడిచివేసినదని రాశాను. అన్నీ పొంగాయంటే నమ్మరని అలా రాశాను. ఏ తల్లి ఏం చేసిందో నేనెప్పుడూ చూడలేదు. నీకు ఉత్తరం రాస్తూ జయమణి మీద ఆ మాట పెట్టినప్పుడు కూడా అది అబద్ధమని నాకు తెలుసు.

గురువారం మొదటి బస్సుకు వస్తున్నాను. నా సూది, మందు, రిజిస్టరు తెస్తున్నాను. జయమణి నాతో మాట్లాడనక్కర్లేదు. బిడ్డను పట్టుకుంటే చాలు.

కృప


నందిగామ,
29 ఏప్రిల్ 1963

అక్కకు,

గురువారం మీరందరూ చూసిందే. జయమణి పాపను ఒళ్లో పెట్టుకుని చెయ్యి చాపించింది. నేను సూది తీయబోతే, "ముందు పుస్తకం" అంది. నాలుగు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. ఆ రాత కొట్టేసి, పక్కన "పొంగలేదు, తల్లి తప్పు లేదు, నేను చూడకుండా రాశాను" అని సంతకం పెట్టాక గాని బిడ్డను తాకనివ్వలేదు. అలా చేయించినందుకు నాకు ఆమె మీద కోపం రాలేదు. సిగ్గేసింది, తర్వాత ఒళ్లు తేలికైంది.

ఇక్కడికొచ్చాక ఆదివారం గుడికి కూడా వెళ్లకుండా రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. తల్లి తుడిచివేసినదని నేను రాసినవి ఎన్ని పేజీల్లో ఉన్నాయో అన్నిటి మీదా ఎర్రసిరాతో అడ్డంగా గీశాను. ఎదురుగా ఒక్కొక్కరికీ విడిగా "తల్లి తప్పు లేదు" అని రాశాను. వేళ్లు నొప్పి పుట్టినా ముద్ర కొట్టినట్టు రాయలేదు, పేరు చదివి రాశాను. చూడకుండా పొంగినదని రాసినవి కూడా కొట్టేసి, మళ్లీ చూడాలి అని పెట్టాను.

ఇవాళ పొద్దున అది తీసుకెళ్లి వీరరాఘవయ్యగారి బల్లమీద పెట్టాను. పేజీలు తిప్పుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదేం పనయ్యా? ఎవర్నడిగి దిద్దావ్?"

"మా ఆవిణ్ణి అడిగానండి" అన్నాను.

ఆఫీసులో అందరూ తలలెత్తారు. ఆయన లేచి, నీకు పిచ్చి పట్టిందా, జిల్లాలో తలెత్తుకోనిస్తావా, ఈ కాగితాలు ఇక్కడే చింపేస్తాను అన్నారు. "చింపండి. మా పాప పేజీ నకలు గురువారమే మా అక్కకిచ్చాను, డాక్టరమ్మగారు చదివారు. వత్సవాయి వైపు చచ్చిపోయిన బిడ్డ పేరు నాకు కంఠతా వచ్చు. దాన్ని చింపలేరు" అన్నాను. నా గొంతు అంత పైకి లేవడం నేనే ఎప్పుడూ వినలేదు.

సస్పెండు చేశారు. సంజాయిషీ రాసి తప్పు ఒప్పుకుంటే చూద్దామన్నారు. తప్పు ఒప్పుకునే కదా ఇంత దూరం వచ్చింది! రెండోసారి, ఆయన చెప్పినట్టు ఒప్పుకోను. సూది, మందు ముట్టుకోకూడదని ఆర్డరిచ్చారు. పిల్లల చేతులు చూడకూడదని ఆర్డరు లేదు. రేపటి నుంచి పల్లె పల్లెకూ తిరిగి మచ్చలేని చేతులు ఎక్కడెక్కడున్నాయో జాబితా రాస్తాను. వేసే పనికి నన్నే సాహెబ్ గురువారమే సరేనన్నాడు. డాక్టరమ్మగారు మందు తెప్పిస్తానన్నారు.

శుక్రవారం పాపకు ఎనిమిదో రోజు. బిడ్డ పోయిన ఆ పల్లెలో ఉంటాను, రాలేను. ఈసారి చూడకుండా రాయను. నువ్వు చూసి రాసేదాకా నా జాబితాలో పాప పేరు ఎదురుగా ఖాళీగానే ఉంటుంది.

కృపారావు


జగ్గయ్యపేట,
3 మే 1963

తమ్ముడూ,

పొంగింది.

రెండుచోట్లా పొంగింది. నడుమ సొట్టతో, చీముతో, చుట్టూ అరచేయంత ఎర్రదనంతో. పిల్లకు జ్వరం, చిరాకు, పాలు తోసేస్తోంది. పొద్దుటి నుంచి ఇల్లు అదిరేలా ఏడుస్తోంది. లూర్దమ్మగారు బెదిరిపోయి "ఏంటమ్మా ఇంత ఏడుపు" అంటే జయమణి పిల్లను భుజానేసుకుని తిప్పుతూ, "ఏడవనియ్యమ్మా, ఇయ్యాల దాని ఇష్టం" అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ ఇంట్లో ఏడవనిది తనొక్కతే.

నన్నే సాహెబ్ స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు. భారతీదేవిగారు కూడా చూశారు. నువ్వు రాసుకో. ఇది చూసి రాస్తున్న మాట.

సస్పెండైనందుకు నేను ఓదార్చను. పర్మనెంటైన రోజున నీకు లడ్డూలు పంపాను, ఇవాళ పంపాలనిపించింది. మనింట్లో నువ్వొక్కడివే మెత్తనివాడివని అమ్మ బెంగపడేది. ఉంటే చూసేది.

ఇక నీ భార్య చెప్పమన్న కబురు. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. నిన్ను క్షమించానని రాయమనలేదు, కాబట్టి రాయను. కాని ఇలా అంది. "ఆయన పల్లెల్లో తిరిగి చేతులు చూస్తే మచ్చ లేదని తెలుస్తుందండి, ఎందుకు లేదో తెలవదు. అది తల్లినే అడగాలి. పేంటు తొడుక్కున్న మగాడు వచ్చి నీకు అమ్మోరు పోసిందా అనడిగితే ఏ ఆడది చెబుతుంది? తలుపేసుకుంటారు. నన్ను చూస్తే చెబుతారు. పెళ్లైన కాడ్నించీ బయటికెళితే కొంగు ముఖం మీదకి లాక్కున్నా. ఇంక లాక్కోను. ఈ ముఖం చూపించి అడుగుతా."

చంటిపిల్లతో ఎండల్లో తిరుగుతావా అన్నాను. "పిల్లనీ చూపిస్తా. తల్లి ముఖం, పిల్ల చెయ్యి, రెండూ పక్కపక్కన చూస్తే ఇంక ఎవురూ తుడిచారని అనలేరు" అంది. వెళ్లి నా గొడుగు తెచ్చిచ్చాను. నా నోరు మూయించిన మనిషి ఈ ఊళ్లో ఇంతవరకు లేదు.

టీకా పుండు చెక్కు కట్టాక పదమూడో తారీకు సోమవారం మొదటి బస్సుకు తల్లీబిడ్డలు వస్తున్నారు. ఈలోగా నీ జాబితా పుస్తకంలో ప్రతి బిడ్డ పేరు పక్కనా కొత్త గడి ఒకటి గీసి ఉంచు. తల్లికి మశూచి వచ్చిందా, లేదా అని పైన రాయి. ఆ గడి ఎవరు నింపాలో నీకు చెప్పనక్కర్లేదు. కలం తనే తెచ్చుకుంటుందట.

అక్క,
రత్నమణి